6,499 రూపాయల స్ట్రెస్ వాచీ, పట్టుచీరల కౌంటరు: నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, నాకు వాచీల గురించి పెద్దగా తెలీదు. విజయవాడలో పట్టుచీరల కౌంటర్లో 19 ఏళ్లుగా కూర్చుంటున్నాను, నాకు తెలిసిందల్లా చీరలు, ఆ చీరలు కొనడానికి వచ్చే మనుషులు. స్క్రీను ఎంత వెలుగిస్తుంది, లోపల ఏ చిప్పు ఉంది అని అడిగేవాళ్లు దయచేసి వేరే రివ్యూ చూసుకోండి. నేను రాసేది ముఖ్యంగా ఒక్క ఫీచర్ గురించి, ఆ స్ట్రెస్ నంబరు గురించి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ ఒక్క కంపెనీ సంగతి కాదు, గుండె చప్పుడు చూసి స్ట్రెస్ ఇంత అని చెప్పే వాచీలన్నిటి సంగతీ.

డాక్టరు గారు బీపీ బోర్డర్లో ఉంది, కాస్త నడవండి, నిద్ర చూసుకోండి అన్నాక, మా మేనకోడలు ఆషాఢం సేల్లో దీన్ని ఆర్డర్ పెట్టింది. బ్యాటరీ పది రోజులని డబ్బా మీద ఉంది, నాకు ఆరు రోజులొస్తోంది. నిద్ర లెక్క పర్వాలేదు. అడుగుల లెక్క మాత్రం పెద్ద జోకు. మా పని ఏంటంటే పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర మడత విప్పి, కొంగు కనబడేలా విసిరి పరిచి, మళ్లీ మడత పెట్టడం. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు మధ్యాహ్నం భోజనానికి తప్ప కూర్చున్న చోటు నుంచి లేవలేదు, సాయంత్రానికి వాచీ 9,000 అడుగులు నడిచారు, శభాష్ అంది. చెయ్యి ఊగితే చాలు, అడుగు అనుకుంటుంది పాపం.

రెండో వారంలో ఒక దెబ్బ కూడా తగిలింది. బెల్టు బకిల్ మొన ఒక కంచి చీర జరీకి తగులుకుని పోగు లాగేసింది. బెత్తెడు కూడా లేదు కానీ, సరిగ్గా కొంగు మీద, అదీ కస్టమరు చూస్తుండగా. చీర డ్యామేజీలో పడింది, నా జీతంలో కొంత కోత పడింది. తప్పు వాచీది కాదు, నాదే. కౌంటర్లో కూర్చునే ముందు ఉంగరాలు తీసేయండిరా అని కొత్త కుర్రాళ్లకి చెప్పేవాణ్ణి నేనే. తర్వాత 220 పెట్టి బకిల్ లేని గుడ్డ బెల్టు కొన్నాను. చీరల పని, కుట్టుపని, మగ్గం పని చేసేవాళ్లు దీన్ని కొంటే ముందు ఆ బెల్టు మార్చండి, మిగతా రివ్యూ తర్వాత చదవొచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది సున్నా నుంచి వంద దాకా స్ట్రెస్ నంబరు ఇస్తుంది. 25 లోపయితే నీలం రంగు, పక్కన ‘ప్రశాంతం’ అని ఉంటుంది. 75 దాటితే ఎరుపు, దానితోపాటు చేతి మీద జుయ్యిమని కొట్టి ఒక్క నిమిషం గాఢంగా ఊపిరి పీల్చుకోండి అంటుంది. 22,000 చీర బేరం మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంటే అవతలి అమ్మగారు లేచి పక్క షాపుకి పోరూ?

నేననుకున్నదేంటంటే, ఓనరు గారు అరిచినప్పుడో, రాత్రి స్టాకు లెక్క తేలనప్పుడో ఎర్రగా వస్తుందని. అప్పుడూ వస్తుంది, కాదనను. కానీ వారం రోజుల గ్రాఫు తీసి చూస్తే ఎత్తుగా లేచినవి వేరే గంటలు, ఎవరూ గట్టిగా మాట్లాడని గంటలు, ‘ఇవాళ హాయిగా గడిచింది’ అని నేననుకున్న గంటలు. ఎదురుగా ఒక కుటుంబం కూర్చుని, ఎవరికేం కావాలో ఒక్కరూ నోరు విప్పి చెప్పకుండా ఉంటే, నేను చీర తర్వాత చీర తీస్తూ వాళ్ల మొహాలు చూస్తూ ఉంటానే, ఆ గంటలే ఎర్రగా ఉన్నవి.

ఒకరోజు సంగతి చెప్తాను. పెళ్లిబట్టలకి ఏడుగురు వచ్చారు, పెళ్లికూతురు, వాళ్లమ్మ, కాబోయే అత్తగారు, తక్కినవాళ్లు. మగపెళ్లివారు పెట్టే చీర కాబట్టి డబ్బు అత్తగారిది, మాటా అత్తగారిదే. ఆవిడకి రాణి పింక్ నచ్చింది. అమ్మాయిని అడిగితే ‘బాగుంది ఆంటీ’ అంది. అంటూనే బొటనవేలి గోరుతో ఫోను కవరు అంచు గీకుతోంది, అప్పటికే పక్కన పడేసిన గుట్టలో ఒక బాటిల్ గ్రీన్ వైపు రెండుసార్లు చూసింది. వాళ్లమ్మ అది చూసింది. చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. అంటే అమ్మాయికి నచ్చలేదని అమ్మకి తెలుసు, తనకి తెలిసిందని వియ్యపురాలికి తెలియకూడదనేది ఆవిడ బాధ, ఆవిడ ఇబ్బంది పడుతోందని ఆ వియ్యపురాలు కూడా కాస్త పసిగట్టినట్టే ఉంది కానీ ‘నేను తెచ్చిన రంగు కాదంటారా’ అన్న పట్టు ఒకటి ఉంది. ఇవన్నీ బుర్రలో పేర్చుకుంటూ నేను చేతులతో మడత పెడుతూనే ఉన్నాను. చివరికి అత్తగారితోనే అన్నాను, ‘అమ్మా, ఈ పింకు వీడియో లైట్లకి మరీ ఎర్రగా కొడుతుంది, మీరు ఏరిన అంచే, మీరు ఏరిన బుటానే ఈ పచ్చలో కూడా ఉంది, ఒక్కసారి మీ చేత్తో భుజాన వేసి చూడండి’ అని. ఆవిడ తనే వేసింది, తనే బాగుందంది. అమ్మాయి గోరు ఆగింది.

ఆ అరగంటలో నా గొంతు మారలేదు, మొహాన చెమట లేదు, ఏసీలో ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను. వాచీలో 81, ఎరుపు. అరచేతులు మాత్రం తడి. మోకాలి మీద చిన్న నాప్కిన్ పెట్టుకుని కూర్చోవడం పట్టు కౌంటర్లో పాత అలవాటు, టిష్యూ చీర మీద చెయ్యి తడి తగిలితే మరక కనబడుతుంది. ఎండకి వీపు తడిసే చెమట వేరు, ఈ అరచేతి చెమట వేరు. అరచేతుల్లో, అరికాళ్లలో ఉన్న గ్రంథులు ఎండకంటే ఎక్కువగా మనసులో కదలికకి స్పందిస్తాయట. పారిస్‌లో చార్లెస్ ఫెరే అనే డాక్టరు 1888లోనే ఒంటికి సన్నని కరెంటు పెట్టి, మనిషి మనసు కదిలితే చర్మంలో ఆ కరెంటు ఇంకాస్త తేలిగ్గా పారుతుందని చూపించాడు. కొన్ని ఖరీదైన వాచీల్లో ఆ చెమట కొలిచే సెన్సరు ఉంటుంది, నా దాంట్లో లేదు. ఉన్నా మణికట్టు మీద ఆ గ్రంథులు అరచేతిలో ఉన్నంత ఒత్తుగా ఉండవు, కాబట్టి నా నాప్కిన్‌కి తెలిసినంత దానికి తెలుస్తుందా అంటే నాకు అనుమానమే.

ఈ డాక్టరు పేర్లూ సంవత్సరాలూ నాకెక్కడివి అనుకుంటున్నారా, మా మేనకోడలు సైకాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఎరుపు గ్రాఫు ఫొటో తీసి పంపితే రాత్రికి ఫోన్ చేసింది.

‘మావయ్యా, అది నీ స్ట్రెస్ కొలవట్లేదు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి మధ్యలో గ్యాప్ ఉంటుంది కదా, అది కొలుస్తోంది.’

వాచీ అడుగున పచ్చలైటు వెలుగుతుంది చూడండి, రక్తం పచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది, గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి వెనక్కొచ్చే వెలుగు తగ్గుతుంది, దాన్నిబట్టి లెక్క. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది, దీన్ని చాలావరకు నడిపేది వేగస్ అనే నరం. తీరిగ్గా ఉన్న మనిషికి ఈ ఎగుడుదిగుడు బాగా ఉంటుంది. గ్యాపులన్నీ ఒకే కొలతలో పడుతుంటే వాచీ దాన్ని స్ట్రెస్ అని పిలుస్తుంది. అంతే.

‘అయితే నేను టెన్షన్ పడట్లేదంటావా?’

‘పడుతున్నావో లేదో దానికి తెలీదంటున్నా. నువ్వు మెట్లెక్కినా, కాఫీ తాగినా, మనసులో లెక్క కట్టినా, అవతలి మనిషి ఏమనుకుంటోందో అని బుర్ర బద్దలుకొట్టుకున్నా దానికి ఒకేలా కనబడొచ్చు. నీ ఉద్యోగమే అది కదా మావయ్యా, రోజంతా ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడం.’

ఆ తర్వాత చెప్పిన విషయం నాకు బాగా పట్టేసింది. అమెరికాలో జాన్ లేసీ, బియాట్రిస్ లేసీ అని భార్యాభర్తలు, 1960ల్లో గుండె మీద పరిశోధన చేశారు. మనిషి బయటి విషయాన్ని శ్రద్ధగా చూస్తున్నప్పుడు, వింటున్నప్పుడు గుండె వేగం తగ్గుతుందట. బయటి గోల పక్కకు నెట్టి లోపల్లోపల లెక్క చేస్తున్నప్పుడు పెరుగుతుందట. మా మేనకోడలు వెంటనే ఇంకో మాట కూడా అంది, వాళ్లు దానికి చెప్పిన కారణం మీద వాదనలు చాలా నడిచాయి కాబట్టి రాసిపెట్టుకుని దేవుడి పటం పక్కన పెట్టకు అని.

సరే, నా దగ్గర వాచీ ఉంది, ఎదురుగా జనం ఉన్నారు, మూడు వారాలు నా మీద నేనే చూసుకున్నాను. చెయ్యి కదిలితే పచ్చలైటు లెక్క తప్పుతుంది కాబట్టి చీర పరిచాక ఎడమచెయ్యి మోకాలి మీద కదలకుండా పెట్టి, పల్స్ స్క్రీను తెరిచి ఉంచేవాణ్ణి. స్క్రీను మీద నంబరు కొన్ని సెకన్లు ఆలస్యంగా మారుతుంది, అది కూడా కలుపుకోండి. మామూలుగా కౌంటర్లో నా పల్స్ 82 దగ్గర ఉంటుంది. చీర పరిచి, నోరు మూసుకుని, ఆవిడ చెయ్యి ఎక్కడికి పోతుందా అని చూస్తున్నప్పుడు 76, 75. అదే ఆవిడ తలెత్తి ‘చివరికి ఎంతకిస్తారు’ అంటే, కొన్న ధర, మార్జిను, ఆషాఢం తగ్గింపు, వెయ్యి తగ్గిస్తే తీసుకుంటుందా, తగ్గించకపోతే లేస్తుందా, లేచినట్టు నటిస్తుందా, ఇవన్నీ కలిపి నమిలేటప్పుడు 90 దాటేది. ప్రతిసారీ ఇలాగే కాదు, కానీ పదింట ఏడుసార్లు ఇలాగే. ల్యాబు లెక్క కాదిది, చీరల కొట్టు లెక్క, ఆ మాత్రం విలువే ఇవ్వండి.

అంటే మనం ‘మనసు కనిపెట్టడం’ అని ఒక్క ముక్కలో అనేస్తాం కానీ ఒంటికి అవి రెండు పనులు. కళ్లప్పగించి చూడటం ఒకటి, చూసినదాన్ని పట్టుకుని ‘ఆవిడ ఏమనుకుంటోందని ఈవిడ అనుకుంటోంది’ అని అల్లుకోవడం ఇంకోటి. గుండెని ఒకటి ఇటు లాగుతుంది, ఒకటి అటు లాగుతుంది. వాచీ ఆ రెంటినీ, ఓనరు అరుపునీ, టీ గ్లాసునీ కలిపి ఒకే నంబరు చేసి దానికి స్ట్రెస్ అని చీటీ అంటించేస్తోంది. నా ఫిర్యాదు నంబరు మీద కాదు, ఆ చీటీ మీద.

ఇంకో సంగతి. 1992లో లెవెన్సన్, రూఫ్ అని ఇద్దరు ఒక పరిశోధన చేశారు, భార్యాభర్తలు మాట్లాడుకుంటున్న వీడియోలు చూపించి, వాళ్లలో ఒకరికి క్షణక్షణానికి ఎలా అనిపిస్తోందో చూసేవాళ్లని చెప్పమన్నారు, చూసేవాళ్ల గుండె, చెమట కూడా కొలిచారు. బాధ, చిరాకు లాంటివి సరిగ్గా పట్టినవాళ్ల ఒళ్లు, వీడియోలో ఉన్న మనిషి ఒళ్లు నడిచిన తీరులోనే నడిచిందట. సంతోషాన్ని సరిగ్గా పట్టినవాళ్లలో మాత్రం గుండె జోరు తక్కువగా ఉందట. ఇది వినగానే ఆ పెళ్లికూతురు గోరు గుర్తొచ్చింది నాకు. ఆ 81 నాదా, ఆ పిల్లదా? ఆ పిల్ల చేతికి వాచీ లేదు కాబట్టి తేలదు. సంతోషం గురించి మాత్రం ఒప్పుకుంటాను, మొదటి జీతంతో అమ్మకి చీర కొనడానికొచ్చే కుర్రాళ్లుంటారు చూడండి, వాళ్ల దగ్గర కూర్చుంటే నా గ్రాఫు దాదాపు నీలమే.

చదువుకున్నవాళ్లు వాడే ఒక పరీక్ష కూడా పెట్టింది నాకు మా మేనకోడలు. కేంబ్రిడ్జిలో సైమన్ బేరన్ కోహెన్ వాళ్లు తయారుచేసింది, 2001లో మార్చిన దాంట్లో 36 ఫొటోలు, ఒక్కో దాంట్లో కళ్ల భాగం మాత్రమే కనబడుతుంది, ఆ మనిషి మనసులో ఏముందో నాలుగు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. 2012లో 65 మంది మీద చేసిన ఒక పరిశోధనలో, ఊరికే కూర్చున్నప్పుడు గుండె గ్యాపుల్లో ఎగుడుదిగుడు ఎక్కువ ఉన్నవాళ్లకి ఈ పరీక్షలో మార్కులు కూడా బాగా వచ్చాయట. నాకు 23 వచ్చాయి. ఆ ఇంగ్లీషు మాటలకి అర్థాలు అడుక్కోవడంతోనే సగం టైము పోయింది, పైగా కళ్లు మాత్రమే చూసి ఎవరు చెప్పగలరండీ? మా దగ్గర చేతులు చూడాలి. నచ్చని చీరని వేళ్ల చివర్లతో ముట్టుకుని వదిలేస్తారు. నచ్చినదాన్ని అరచేత్తో నిమిరి, అంచు తిరగేసి వెనక పోగులు చూస్తారు. మరీ నచ్చితే మొహంలో ఏమీ కనబడనివ్వరు, ధర పెరుగుతుందని భయం.

కళ్ల సంగతే వస్తే, నచ్చినప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, అది చూసి ధర చెప్పాలి అని మా పాత మేనేజరు గారు నేర్పేవారు. షికాగోలో హెస్, పోల్ట్ అనే ఇద్దరు 1960లో ఇలాంటిదే రాశారని తెలిసి, ఆయనకి ఫోన్ చేసి చెబుదామనుకునేలోపు మా మేనకోడలు ఇంకోటి చెప్పింది. 1966లో కానెమన్, బీటీ కొన్ని అంకెలు చెప్పి గుర్తుపెట్టుకోమంటే కూడా కంటిపాపలు పెద్దవయ్యాయట. అంటే ఆవిడకి చీర నచ్చిందో, ఈఎమ్ఐ లెక్క కడుతోందో ఆ పాపని చూసి చెప్పలేం. లైటు తగ్గినా పెద్దదవుతుంది మరి, కరెంటు పోయి ఇన్వర్టరు మీద షాపు మసగ్గా ఉన్నప్పుడు అందరికీ అన్ని చీరలూ నచ్చేసినట్టే. ఇక్కడా మళ్లీ అదే గొడవ, ఒంట్లో ఏదో కదిలిందని తెలుస్తుంది, ఎందుకు కదిలిందో తెలీదు.

సెప్టెంబర్లో స్టాకులో ఒక గద్వాల్ చీర కనబడకపోతే, ఓనరు గారు నవ్వుతూనే ‘నీ వాచీ అందరికీ పెట్టి చూద్దామా, దొంగెవరో తేలిపోతాడు’ అన్నారు. కొత్త కుర్రాడి మొహం పాలిపోయింది. వాడు తీశాడని కాదు, తన మీద అనుమానపడతారేమోనని, ఆ వయసులో అంతే. లై డిటెక్టరు కూడా చూసేది ఊపిరి, బీపీ, చెమటే, అబద్ధాన్ని కాదు. 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్షలు చెయ్యకూడదని చెప్పింది కదా సార్ అన్నాను. చీర రెండు రోజుల తర్వాత మడత తప్పి ఇంకో చీర లోపల దొరికింది.

కొనాలా వద్దా అంటే, పల్స్ కోసం, నిద్ర కోసం కొనండి, ఆ డబ్బుకి న్యాయమే. కూర్చుని చేతులతో పని చేసేవాళ్లు అడుగుల లెక్క మర్చిపోండి. స్ట్రెస్ నంబరు ఉదయం లేవగానే, ఏ పనీ మొదలుపెట్టకముందు చూస్తే ఎంతోకొంత ఉపయోగం, రాత్రి సరిగ్గా పడుకోని రోజు నాకు తేడా కనబడింది. కౌంటర్లో, క్లాసులో, ఆసుపత్రి రిసెప్షన్లో, ఎక్కడైతే మనుషుల్ని చదవడమే పనో అక్కడ ఆ జుయ్యిమనే రిమైండరు ఆపేయండి, ఎర్రగా ఉందని భయపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తకండి. (ఛాతీలో నొప్పి గట్రా ఉంటే మాత్రం వాచీ నీలంగా ఉన్నా వెళ్లండి.) అయిదుకి మూడు. బెల్టు వల్ల ఒకటి, ఆ స్ట్రెస్ అన్న మాట వల్ల ఒకటి తగ్గించాను.

దసరాకి మా మేనకోడలు ఫ్రెండు పెళ్లికి చీర కావాలని షాపుకొచ్చింది. దానికి నేను వేరే చూడక్కర్లేదు కదా, చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన పిల్ల, పండక్కి నేను పెట్టినవే కట్టుకుంటుంది. అడక్కుండానే లావెండరు ఉప్పాడ తీసి ఒళ్లో పరిచాను. అలవాటుగా వాచీ చూసుకున్నాను, 19, నీలం, ప్రశాంతం.

‘మావయ్యా, ఏమీ అనుకోకు, నాకు లావెండరంటే విసుగొచ్చి నాలుగేళ్లయింది. నువ్వు ఇష్టంగా పెడుతున్నావని కట్టుకుంటున్నా.’

మస్టర్డ్ తీసుకుంది. లావెండరు నేను మడత పెట్టేశాను, వాచీ రెండడుగులు కలుపుకుంది.